సర్వర్ మెయిల్ వెనక్కొస్తే ముందు ‘వద్దన్నది ఎవరు’ అని చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే గొడవ గురించి, అందుకని మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఒక లినక్స్ సర్వర్ ఉంది, ఐపీ 192.168.1.20. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టి బ్యాకప్ రిపోర్టులు, మా అప్లికేషన్ నోటీసులు పంపుతున్నాం. కొందరికి వెళ్తున్నాయి, కొందరి సర్వర్లు తీసుకోవడం లేదు. ఒకచోట ‘హెలో కమాండ్ రిజెక్టెడ్, హోస్ట్ నాట్ ఫౌండ్’ అని, ఇంకోచోట ‘సెండర్ అడ్రస్ రిజెక్టెడ్, డొమైన్ నాట్ ఫౌండ్’ అని వస్తోంది. ఎస్‌పీఎఫ్ రికార్డు (మా డొమైన్ పేరుతో ఏ ఐపీల నుంచి మెయిల్ రావచ్చో చెప్పేది) పెట్టాను, ఫైర్‌వాల్‌లో పోర్టులు తెరిచాను, పోస్ట్‌ఫిక్స్ మూడుసార్లు రీఇన్‌స్టాల్ చేశాను. ఇంకేం చేయాలి?

జవాబు: ముందు రీఇన్‌స్టాల్ చేయడం ఆపండి. పోస్ట్‌ఫిక్స్ చెడిపోలేదు. దానికి తెలిసిన పేరు అది చెబుతోంది, ఆ పేరు బయటివాళ్లకి తెలియదు, అంతే.

మీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉందంటే ఆ రెండు ఎర్రర్లే. చాలామంది ‘మెయిల్ పోవట్లేదండీ’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు, దాంతో నేనేం చెప్పను? లాగ్ తెరిచి వద్దన్నది ఎవరో ముందు చూడాలి. ‘ఫలానా హోస్ట్ సెడ్’ అని ఉండి దాని పక్కన నంబరు, వాక్యం ఉంటే ఆ మాట అవతలి సర్వర్‌ది. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని ఉంటే మీరు అవతలివాళ్ల గుమ్మం దాకా వెళ్లనే లేదు. ‘నోక్యూ, రిజెక్ట్’ అని ఉంటే వద్దన్నది మీ సొంత సర్వరే. మూడూ మూడు వేరే జబ్బులు, కానీ జనం మూడింటికీ ఎస్‌పీఎఫ్ మందే వేస్తారు.

నంబరు కూడా చూడండి. 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, మళ్లీ రా’ అని, 5తో మొదలైతే ‘ఇక రావద్దు’ అని. మీకు వచ్చిన రెండు ఎర్రర్లూ, అవతల కూడా పోస్ట్‌ఫిక్సే ఉంటే, మామూలుగా 450తో వస్తాయి. అందుకే మెయిల్ వెంటనే తిరిగి రాదు, మీ క్యూలో పడి ఉండి, డిఫాల్ట్ ప్రకారం 5 రోజులు ప్రయత్నించాక అప్పుడు బౌన్స్ అవుతుంది. ఈలోగా మీరు నాలుగు సెట్టింగులు మార్చి ఉంటారు కాబట్టి ఏ బౌన్స్ ఏ సెట్టింగ్ నాటిదో ఎవరికీ తెలియదు. బౌన్స్ కోసం ఎదురుచూడకుండా ‘మెయిల్‌క్యూ’ కమాండ్‌తో క్యూ చూసుకోండి, కారణం అక్కడే రాసి ఉంటుంది.

ఇప్పుడు మొదటి ఎర్రర్. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడటం మొదలుపెట్టగానే ‘హెలో, నేను ఫలానా’ అని తన పేరు చెప్పుకోవాలి. మీ మెషీన్ పేరు సర్వర్1 అనో, సర్వర్1 డాట్ లోకల్ అనో పెట్టుకుని ఉంటారు. మెషీన్ పేరులో డొమైన్ లేకపోతే పోస్ట్‌ఫిక్స్ దానికి తనే ‘లోకల్‌డొమైన్’ అని తగిలిస్తుంది. ఇంట్లో బుజ్జి అని పిలుచుకునే పిల్లాడు బయటికి వెళ్లి ‘నేను బుజ్జిని’ అని పరిచయం చేసుకుంటే ఏ బుజ్జి అంటారు కదా, ఇదీ అదే. డాట్ లోకల్ అన్నది లోపలి నెట్‌వర్క్ కోసం కేటాయించిన పేరు, బయటి డీఎన్‌ఎస్‌లో (పేరు అడిగితే ఐపీ చెప్పే వ్యవస్థ) ఎంత వెతికినా దొరకదు. కాబట్టి పోస్ట్‌ఫిక్స్‌లో మైహోస్ట్‌నేమ్ దగ్గర మీ నిజమైన డొమైన్ కింద ఒక పేరు పెట్టండి, ఆ పేరుకి మీ పబ్లిక్ డీఎన్‌ఎస్‌లో ‘A’ రికార్డు పెట్టి, అది మీ రౌటర్ పబ్లిక్ ఐపీని చూపేలా చేయండి. లోపల మెషీన్ పేరు మార్చడం ఇష్టం లేకపోతే ఎస్‌ఎమ్‌టీపీ హెలో నేమ్ అని వేరే సెట్టింగ్ ఉంది, అదొక్కటి మారిస్తే చాలు.

ఇక్కడ ఒక చిన్న విషయం. హెలోలో చెప్పిన పేరు ఐపీతో సరిపోలేదన్న ఒక్క కారణంతో మెయిల్‌ను వద్దనకూడదని ప్రమాణంలోనే (ఆర్‌ఎఫ్‌సీ 5321, 2008) ఉంది. సరిపోలకపోవడం వేరు, అసలు లేని పేరు చెప్పడం వేరు. లేని పేరైతే చాలామంది నిర్మొహమాటంగా తలుపు వేసేస్తారు, వాళ్లని తప్పుపట్టలేం.

రెండో ఎర్రర్‌కి కవరు, ఉత్తరం తేడా తెలియాలి. మీ అప్లికేషన్ ‘ఫ్రమ్’ దగ్గర చక్కగా నోటీసులు అట్ మీ డొమైన్ అని రాసి ఉంటుంది, మీరు అది చూసి అంతా బాగుందనుకుంటారు. అది ఉత్తరం లోపలి సంతకం. కవరు మీద పంపినవారి అడ్రస్ వేరే ఉంటుంది, అవతలి సర్వర్ ముందు చూసేది దాన్నే. క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రామ్) పంపితే అక్కడ రూట్ అట్ సర్వర్1 డాట్ లోకల్ అని పడుతుంది, పీహెచ్‌పీ నుంచి వెళ్తే వెబ్ సర్వర్ యూజర్ పేరు పడుతుంది. ఆ డొమైన్ ప్రపంచంలో లేదు కాబట్టి ‘డొమైన్ నాట్ ఫౌండ్’. పైగా, ఆ మెయిల్ బౌన్స్ అయితే తిరిగి వచ్చేది కూడా ఆ కవరు అడ్రస్‌కే, అంటే మీ సర్వర్‌లో ఎవరూ తెరవని రూట్ మెయిల్‌బాక్స్‌కి. అందులోకి ఒకసారి తొంగి చూడండి, ఎన్నాళ్ల బౌన్స్‌లు పేరుకుపోయాయో కనిపిస్తుంది.

దీనికి ఎస్‌ఎమ్‌టీపీ జెనరిక్ మ్యాప్స్ అన్న సెట్టింగ్ వాడండి. లోపలి అడ్రస్‌లకి బదులు బయట ఏ అడ్రస్ కనబడాలో ఒక ఫైల్‌లో రాస్తే, మెయిల్ బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే పేర్లు మారతాయి, లోపలి మెయిల్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పీహెచ్‌పీ అయితే మెయిల్ ఫంక్షన్‌కి కవరు అడ్రస్ ఇచ్చే ఆప్షన్ విడిగా ఉంది, అది పెట్టని అప్లికేషన్లే ఎక్కువ.

ఎస్‌పీఎఫ్ పెట్టానన్నారు, సంతోషం, కానీ అందులో ఏ ఐపీ రాశారు? 192.168.1.20 రాస్తే దండగ. 10, 192.168, 172.16 నుంచి 172.31 వరకు మొదలయ్యే అడ్రస్‌లన్నీ 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం లోపలి వాడకానికే, లక్షల నెట్‌వర్క్‌లలో అవే నంబర్లు ఉంటాయి. అవతలి సర్వర్‌కి కనిపించేది మీ రౌటర్ పబ్లిక్ ఐపీ, ఎస్‌పీఎఫ్‌లో ఉండాల్సింది అదే. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి, పాతది ఉండగా కొత్తది ఇంకోటి చేరిస్తే రెండూ చెల్లవు.

ఇక రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఐపీ నుంచి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు. మీ డొమైన్ ప్యానెల్‌లో ఎంత వెతికినా ఇది దొరకదు, ఎందుకంటే ఆ ఐపీ మీది కాదు, మీ ఇంటర్నెట్ ప్రొవైడర్‌ది. వాళ్లనే అడిగి పెట్టించుకోవాలి. పేరు నుంచి ఐపీకి, ఐపీ నుంచి మళ్లీ అదే పేరుకి రావాలి. 550 5.7.25 అని వస్తే లోపం ఇక్కడ. 5.7.26 అని వస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ సంతకం) వైపు చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పంపేవాళ్లందరికీ పీటీఆర్‌తో పాటు ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలంటోంది, రోజుకి 5,000 దాటి పంపేవాళ్లకి రెండూ, వాటిపైన డీమార్క్ (ఆ రెండూ తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా.

నేను ఒకసారి రెండు రోజులు ఎస్‌పీఎఫ్ రికార్డే దిద్దుతూ కూర్చున్నాను, అంతా సరిగ్గానే ఉంది, అయినా రిజెక్ట్. చివరికి లాగ్‌లో అవతలివాళ్లు చెప్పిన ఐపీ చదివితే అది నాకు తెలిసిన ఐపీయే కాదు. సర్వర్ ఐపీవీ6 (కొత్త తరహా పొడుగు ఐపీ అడ్రస్) మీద బయటికి వెళ్తోంది, దానికి పీటీఆర్ లేదు, ఎస్‌పీఎఫ్‌లో దాని ఊసే లేదు. మెయిల్‌ని ఐపీవీ4 మీదే పంపమని ఒక్క లైన్ రాస్తే అయిపోయింది. రిజెక్ట్ మెసేజ్‌లో ఐపీ ఉంటే దాన్ని అక్షరం అక్షరం చదవండి, మొదటి వాక్యం చూసి కంగారుపడి మూసేయకండి.

ప్రశ్న: మా సర్వర్ నుంచి పోర్ట్ 25 మీద ఎవరికి కనెక్ట్ చేసినా టైమౌట్. 587కి మార్చి చూశాను, ఈసారి ఎర్రర్ మారింది కానీ మెయిల్ మాత్రం వెళ్లలేదు.

జవాబు: మీ ప్రొవైడర్ పోర్ట్ 25 మూసేశాడు. ఇళ్ల కనెక్షన్లకి, చాలా క్లౌడ్ మెషీన్లకి ఇది మామూలే, గూగుల్ క్లౌడ్, ఏడబ్ల్యూఎస్ కూడా డిఫాల్ట్‌గా మూసే ఉంచుతాయి. 587 దానికి దొడ్డిదారి కాదు. 25 సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే పోర్ట్, 587 యూజర్ లాగిన్ అయి తన సర్వర్‌కి మెయిల్ అప్పగించే పోర్ట్. ముక్కూ ముఖం తెలియని సర్వర్ 587కి వెళ్తే పాస్‌వర్డ్ అడుగుతారు, మీ దగ్గర ఉండదు.

మీకు కావలసింది రిలే. మీ డొమైన్ మెయిల్ ఎక్కడుందో ఆ సర్వీస్ ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపే) సర్వర్‌కి 587 లేదా 465 మీద లాగిన్ అయి మెయిల్ అప్పగిస్తే, ఆపైన బయటివాళ్లకి చేర్చే పని వాళ్లది. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ దగ్గర ఆ సర్వర్ పేరు, పాస్‌వర్డ్ ఫైల్, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) పెట్టాలి. సర్వర్ పేరు చదరపు బ్రాకెట్లలో రాయండి, లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎమ్‌ఎక్స్ రికార్డు (ఆ పేరుకి వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పేది) వెతుక్కుంటూ ఇంకెక్కడికో పోతుంది. ఎస్‌పీఎఫ్‌లో రిలే సర్వీస్‌ని చేర్చడం కూడా మరవకండి.

నా అభిప్రాయం చెప్పాలంటే: రోజుకి నాలుగు రిపోర్టులు పంపే సర్వర్‌కి పీటీఆర్, డీకిమ్, బ్లాక్‌లిస్టుల టెన్షన్ అంతా నెత్తినేసుకోవడం అనవసరం. మొదటి ప్రశ్న అడిగినాయన కూడా రిలే పెట్టుకుంటే హెలో, పీటీఆర్ తలనొప్పులు పోతాయి, కవరు అడ్రస్ మాత్రం అప్పుడు కూడా సరిచేసుకోవాల్సిందే, ఎందుకంటే చాలా రిలేలు లాగిన్ అయిన అడ్రస్ తప్ప వేరే పేరుతో పంపనివ్వవు.

ప్రశ్న: మా ఐపీ స్పామ్‌హౌస్ (మెయిల్ బ్లాక్‌లిస్టులు నడిపే సంస్థ) లిస్టులో ఉందట. మేం జీవితంలో స్పామ్ పంపలేదు, ఇదేం అన్యాయం?

జవాబు: ఏ లిస్టులో ఉందో చూశారా? పీబీఎల్ అయితే అది మీ మీద నేరారోపణ కాదు. ఈ ఐపీ వరస మామూలు ఇంటర్నెట్ యూజర్లది, ఇక్కడి నుంచి నేరుగా మెయిల్ రాకూడదు అని చెప్పే లిస్టు అది. స్టాటిక్ ఐపీ ఉండి పీటీఆర్ పెట్టించుకున్నవాళ్లు తీయమని అడగవచ్చు, లేదంటే పైన చెప్పిన రిలేనే దారి.

వేరే లిస్టు అయితే మాత్రం కొంచెం భయపడండి. మీ రౌటర్ వెనక ఉన్న మెషీన్లన్నీ బయటికి ఒకే ఐపీతో కనబడతాయి, వాటిలో ఏ ఒక్క పీసీలోనో వైరస్ దూరి స్పామ్ పంపుతుంటే చెడ్డపేరు మీ మెయిల్ సర్వర్‌కి వస్తుంది. ఫైర్‌వాల్‌లో మెయిల్ సర్వర్ తప్ప వేరే ఏ మెషీనూ బయటి పోర్ట్ 25కి వెళ్లకుండా ఆపేసి, ఆ ఆగిన కనెక్షన్ల లాగ్ ఒక రోజు చూడండి, దొంగ దొరుకుతాడు. వాడు దొరక్కముందే లిస్టులోంచి తీయమని అడిగితే మళ్లీ ఎక్కిస్తారు.

ప్రశ్న: ‘554 5.7.1 రిలే యాక్సెస్ డినైడ్’ అని మా సర్వరే మా స్కానర్‌ని తిడుతోంది. మైనెట్‌వర్క్స్‌లో (ఎవరి మెయిల్‌ని మన సర్వర్ బయటికి పంపాలో చెప్పే సెట్టింగ్) 0.0.0.0/0, అంటే అన్ని ఐపీలూ, పెట్టమని ఒక మిత్రుడు చెప్పాడు, పెట్టనా?

జవాబు: పెట్టకండి. అలా పెడితే ప్రపంచంలో ఎవరైనా మీ సర్వర్ ద్వారా స్పామ్ పంపుకోవచ్చు, పైన ప్రశ్న అడిగిన వాళ్ల పక్కన మీరూ చేరతారు. స్కానర్ ఐపీ ఒక్కటే, కాదంటే దాని సబ్‌నెట్ (అది ఉన్న లోపలి ఐపీల వరస) వరకు చేర్చండి, చాలు. ఇంకో మెలిక, కొన్ని రౌటర్లు బయటి నుంచి వచ్చే కనెక్షన్లని కూడా తమ లోపలి ఐపీ, అంటే 192.168.1.1 నుంచి వచ్చినట్టే చూపిస్తాయి. అప్పుడు మీరు సబ్‌నెట్ మాత్రమే అనుమతించినా ఊరంతటికీ తలుపు తెరిచినట్టే. బయటి నుంచి ఒకసారి కనెక్ట్ చేసి, మీ లాగ్‌లో ఏ ఐపీ పడిందో చూశాకే ఆ లైన్ రాయండి.