చేత్తో తోలు పగ్గాలు అల్లడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

హైదరాబాద్‌లో శని, ఆదివారాల్లో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నానని, చేత్తో అల్లిన తోలు పగ్గాలు ఒక జత సొంతంగా చేసుకోవాలని ఉందని, మూడు పేటల జడ తప్ప ఇంకేమీ రాదని రాశారు. ఏ అల్లికతో మొదలుపెట్టాలి, నేను అల్లింది గుర్రానికి కట్టవచ్చా అని అడిగారు.

నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉంటాను. మా అమ్మాయి స్వారీ నేర్చుకున్న చోట ఒక పెద్దాయన పరిచయమయ్యారు. యౌవనమంతా రాంచ్‌లలో, అంటే పశువులను పెంచే పెద్ద పొలాల్లో, పనిచేసిన మనిషి. తొమ్మిదేళ్ళ క్రితం ఆయన దగ్గర ఈ పని మొదలుపెట్టాను. ఉద్యోగం వేరే, ఇది సెలవు రోజుల పని. ఇప్పటికి నాలుగు జతల పగ్గాలు అల్లాను, చిన్న చిన్న పట్టీలు లెక్కలేనన్ని.

అల్లిక గురించి మీరు టెన్షన్ పడకండి. మూడు పేటల జడ వచ్చిన చేతికి నాలుగు పేటల గుండ్రటి అల్లిక ఒక్క సాయంత్రంలో వస్తుంది. ఎనిమిది పేటలకు ఒక వారం పట్టవచ్చు. ఏళ్ళు పట్టేది అల్లడానికి ముందు చేసే పని. తోలు ఎంచుకోవడం, వారు (అల్లడానికి తోలులోంచి కోసే సన్నటి పొడవాటి పట్టీ) ఒకే వెడల్పున, ఒకే మందాన కోయడం, దాన్ని పదునుకు తేవడం. మా గురువుగారు మొదటి మూడు శనివారాలు నాతో ఒక్క పేట కూడా అల్లించలేదు. తోలు వారు కోయించారు, కోసింది పారేయించారు, మళ్ళీ కోయించారు.

మన భాషలో పదును అనే మాట కత్తికి వాడతాం, దుక్కికి ముందు నేలకు వాడతాం, తోళ్ళు ఊరవేసి వాడకానికి తేవడాన్ని కూడా తోళ్ళు పదును చేయడం అనే అంటాం. ఈ మూడింటికీ ఒకే మాట ఎందుకుందో నాకు ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది.

ఇక్కడి పాతకాలం పగ్గాలు పచ్చితోలుతో చేస్తారు. అంటే వెంట్రుకలు గీకేసి, చట్రానికి లాగి కట్టి ఎండబెట్టిన చర్మం. ఏ బెరడుతోనూ, ఏ రసాయనంతోనూ పదును చేయరు. ఎండితే చెక్కలా బిరుసుగా ఉంటుంది, నీళ్ళలో పడేస్తే పేగులా జారిపోతుంది. ఈ రెండు స్థితుల మధ్య కాసేపు మాత్రం అది చేతికి లొంగుతుంది. మరీ తడిగా ఉన్నప్పుడు అల్లితే ఆరాక వారు కుంచించుకుపోయి పేటల మధ్య సందులు పడతాయి. మరీ ఆరిపోయాక అల్లితే అంచులు కూర్చోవు, మడత దగ్గర చిట్లుతుంది. వారును తడిపి, తడి తువ్వాలులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో ఒక రాత్రంతా ఉంచాలి. పొద్దున్నే తీసి చెంపకు ఆనించుకోవాలి. చల్లగా తగలాలి, చెంపకు తడి అంటకూడదు. మా గురువుగారు ఇలా చెంపకు ఆనించి చూపించినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. వాన వెలిసిన మర్నాడు చేనుకు వెళ్ళి గుప్పెడు మట్టి పట్టి నొక్కేవారు. ముద్ద కట్టాలి, కింద పడేస్తే విడిపోవాలి. అప్పుడే అరక కట్టేవారు.

మాది ప్రకాశం జిల్లా. మా ఊళ్ళో ఎద్దులకు పట్టెడలు, బండి తోలేవాళ్ళకు చెర్నకోలలు అల్లే ఒక మాదిగ తాత ఉండేవాడు. చిన్నప్పుడు ఆయన ముందు కూర్చుని గంటలు గంటలు చూసేదాన్ని. తోలుకు చిల్లులు పొడిచే ఆరె, చిన్న కత్తి, ఒక నీళ్ళ ముంత, అంతే ఆయన సామాను. నాలుగు పేటల గుండ్రటి అల్లిక నేను మొదట చూసింది కాలిఫోర్నియాలో కాదు, ఆయన చేతుల్లో. ఏడాదికోసారి మేర కింద నాలుగు కుంచాల గింజలు ఇచ్చేవాళ్ళు, గింజలతో పాటు రావలసిన గౌరవం మాత్రం ఇవ్వలేదు. ఇక్కడ అదే పని చేసేవాళ్ళను కళాకారులని సత్కరిస్తారు. లూయిస్ ఒర్టెగా (1897–1995) అనే కాలిఫోర్నియా అల్లకందారుకు 1986లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. జానపద కళల్లో అమెరికా ప్రభుత్వం ఇచ్చే పెద్ద గౌరవం అది. ఒక మ్యూజియంలో అద్దం వెనక పచ్చితోలు పగ్గాలు చూస్తూ నిలబడినప్పుడు మా ఊరి తాత పేరు కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాల్సింది అనిపించి కళ్ళు తడిశాయి. తోలు పని చేయబోతున్నారు కాబట్టి, మీ ఊళ్ళో ఇంకా ఆ పని తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. డబ్బిచ్చి, గురువు అని పిలిచి నేర్చుకోండి.

ఈ గడ్డ మీద ఈ విద్య స్పెయిన్ వాళ్ళతో వచ్చింది. 1769 నుంచి వాళ్ళు ఇక్కడ మిషన్లు, అంటే క్రైస్తవ మఠాలు కట్టారు, పశువులను పెంచారు. ఎండు తోళ్ళకు ఎంత గిరాకీ అంటే వాటిని కాలిఫోర్నియా బ్యాంకు నోట్లు అని పిలిచేవారు. పశువులు కాసే వకేరోలు చేతికి అందిన ఆ తోలుతోనే తాళ్ళు, పగ్గాలు, ముక్కు పట్టీలు అన్నీ అల్లుకున్నారు. పగ్గం పొడవునా అక్కడక్కడ బొత్తాముల్లాంటి ముడులు కడతారు. అవి అందానికే అనుకున్నాను చాలాకాలం. వాటి బరువు వల్ల పగ్గం చక్కగా వేలాడుతుంది, చెయ్యి కాస్త కదిలించినా ఆ కదలిక గుర్రం నోటి దాకా తెలుస్తుంది. గుర్రం మెడ చెమట పగ్గానికి మొత్తం అంటకుండా కూడా అవి ఎత్తి పట్టుకుంటాయి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, గుర్రానికి కట్టవచ్చా అని. కట్టవచ్చు, కానీ మొట్టమొదట అల్లేది మాత్రం పగ్గం కాకూడదు. ఎందుకో చెబుతాను. రెండో ఏడాది నాకు చెయ్యి తిరిగిందన్న నమ్మకం వచ్చింది. మొద్దుబారిన బ్లేడుతో, కొలత పట్టీ లేకుండా, కంటి అంచనాతో వార్లు కోసి నాలుగు పేటల పగ్గాలు అల్లాను. చూడటానికి బాగా వచ్చాయి. మా అమ్మాయి వాటితో గుర్రమెక్కింది. మూడో రోజు ఎడమ పగ్గంలో కళ్ళేనికి దగ్గరగా ఒక పేట తెగింది. ఒకటి తెగితే మిగతా మూడూ వదులైపోతాయి. పగ్గం సాగి పిల్ల చేతిలోంచి జారింది. ముసలి ఆడగుర్రం, నెమ్మది మనిషి లాంటిది. మాట వినగానే ఆగింది. ఇంకో గుర్రమైతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఆ పేట ఒక చోట సగం మందమే ఉంది. పొట్ట వైపు తోలు అది, సాగే తోలు. వీపు వైపు తోలు గట్టిది, పొట్ట వైపుది వదులుది అని నాకు గురువుగారు చెప్పే ఉన్నారు.

అందుకని మీరు మొదట నుదుటి పట్టీ చేయండి. కళ్ళెంలో గుర్రం నుదుటి మీదుగా వెళ్ళే పట్టీ అది. మీ చెయ్యి ఎలా ఉందో చూపిస్తుంది, తెగినా పగ్గం తెగినంత ప్రమాదం లేదు. దీనికి వేరే వార్లు కూడా అక్కర్లేదు. రెండు వేళ్ళ వెడల్పు తోలు పట్టీ తీసుకుని, రెండు కొసలూ వదిలేసి మధ్యలో రెండు నిలువు చీలికలు కోయండి. మూడు పేటలు వస్తాయి. కొసలు మూసి ఉన్నా, కింది కొసను పేటల మధ్యలోంచి దూరుస్తూ పోతే జడ పడుతుంది, మెలికలు వాటంతట అవే విడిపోతాయి. మొదటిసారి విడిపోయినప్పుడు చిన్నపిల్లలా సంబరపడతారు. అల్లితే పట్టీ పొట్టి అవుతుంది కాబట్టి కొంచెం ఎక్కువ పొడవు తీసుకోండి.

పగ్గాల దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇలా ఉంటుంది. ఇంగ్లిష్ పద్ధతి పగ్గం ఒక్కోటి సుమారు 54 అంగుళాలు, అంటే మీటరున్నర లోపు. నాలుగు పేటల గుండ్రటి అల్లికకు పేట పొడవు అల్లికకు ఒకటిన్నర రెట్లు కావాలి, కొసలకు ఇంకాస్త. పేటకు రెండున్నర మీటర్లు పెట్టుకుంటే రెండు పగ్గాలకు 20 మీటర్ల వారు. అంత పొడవు తోలు ఎక్కడ దొరుకుతుందని భయపడకండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ముక్కను అంచు నుంచి లోపలికి 6 మిల్లీమీటర్ల వెడల్పున, జంతిక చుట్ట విప్పినట్టు కోసుకుంటూ వస్తే 11 మీటర్లు వస్తుంది. రెండు ముక్కలు చాలు. ఇలా కోసిన వారు ఒక చోట సాగుతుంది, ఇంకో చోట సాగదు. కాబట్టి కాస్త తడిపి, మేకుకు కట్టి బాగా లాగి, అది సాగాల్సినంత ముందే సాగనివ్వండి. లాగాక సన్నబడిన చోట్లు కనిపిస్తాయి, వాటిని కోసి తీసేయండి. తర్వాత రెండు పై అంచులూ ఏటవాలుగా చెక్కితే అల్లిక చేతికి నున్నగా తగులుతుంది. అల్లేటప్పుడు వారుకు కొంచెం సబ్బు, కొవ్వు కలిపిన ముద్ద రాయండి, పేటలు జారి గట్టిగా కూర్చుంటాయి.

మొదటి జతకు కళ్ళేనికి తగిలే భాగం మాత్రం అల్లకండి. అక్కడ బకిల్‌తో కుట్టిన గట్టి తోలు పట్టీ పెట్టించి, చెయ్యి పట్టుకునే భాగమే అల్లండి. అల్లాక చెట్టు కొమ్మకు కట్టి మీ బరువంతా వేసి వేలాడండి. ఆ సంఘటన తర్వాత నేను వేలాడకుండా ఏ పగ్గమూ ఎవరికీ ఇవ్వలేదు.

తోలు సంగతి. హైదరాబాద్ వానాకాలానికి పచ్చితోలు వద్దనే నా సలహా. తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, బూజు పడుతుంది. బెరడుతో పదును చేసిన గేదె తోలు, 2 మిల్లీమీటర్ల మందంది తీసుకోండి. ఒకప్పుడు దక్షిణాదిలో ఈ పనికి మన తంగేడు బెరడే వాడేవారు. గుర్రపు సామానుకు కాన్పూర్ పేరున్న ఊరు, అక్కడి జీను పనికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) కూడా ఉంది. మీ క్లబ్‌లో జీనులు ఎక్కడి నుంచి తెప్పిస్తారో అడిగితే తోలు కూడా ఆ దారిలోనే దొరకవచ్చు. కొనేటప్పుడు అంచు కోసి చూడండి. లోపల నీలం బూడిద రంగు కనిపిస్తే అది బెరడుతో కాక క్రోమ్ అనే రసాయనంతో పదును చేసింది, చెప్పులకూ సంచులకూ బాగుంటుంది, పగ్గాలకు ఎక్కువగా సాగుతుంది. లోపలి దాకా గోధుమ రంగు ఉంటే తీసుకోండి. కంగారూ తోలు పలచగా ఉండి చాలా గట్టిదని వినే ఉంటారు. నిజమే, కానీ మా కాలిఫోర్నియాలో 2016 నుంచి దాని అమ్మకం నిషేధం, అందుకని నేను వాడలేదు.

పగ్గం మీది బొత్తాముల్లాంటి ముడులు చివర్న నేర్చుకోవచ్చు. కర్ర చుట్టూ ఉంగరంలా అల్లుకునే టర్క్స్ హెడ్ అనే ముడిని చీపురు కర్ర మీద మామూలు తాడుతో రోజూ పది నిమిషాలు కట్టి విప్పుతూ ఉండండి.

వాడాక చెమట తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. నూనె తక్కువ రాయాలి. ఎక్కువైతే తోలు వదులవుతుంది. మన ఊళ్ళో చెప్పులకు రాసే ఆముదం వేలి కొసతో పలుచగా, ఏడాదికి రెండుసార్లు చాలు. గుర్రమెక్కే ముందు ప్రతిసారీ పగ్గాన్ని కళ్ళెం దగ్గర రెండు చేతులతో వంచి, పేటల మధ్యకు చూడండి. ఒక్క పేట మీద సన్నటి గీత కనిపించినా ఆ రోజు క్లబ్ పగ్గాలతో ఎక్కండి.