తుపాను కబురు రాకముందే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే పడుతుంది. 1989లో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపాను, 2021 పెన్నా వరద నవంబరులో వచ్చాయి. 2023 మిగ్‌జాం తుపాను డిసెంబరు మొదట్లో వచ్చింది. అందుకే ఈ సంచికలో తుపాను, వరదల మీద వచ్చిన ఉత్తరాలకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో మాది సిమెంటు రేకుల ఇల్లు. ఐదుగురం ఉంటాం. పోయిన గాలివానకు పక్కింటి రేకులు లేచిపోయాయి. పైన ఇసుక బస్తాలు వేస్తే ఆగుతాయా? షెల్టరుకు ఎప్పుడు పోవాలి? (ఇందుకూరుపేట మండలం నుంచి ఒక పాఠకురాలు)

బస్తాలు వేసే తీరులో వేస్తే చాలావరకు ఆగుతాయమ్మా. ముందు రేకు ఎందుకు లేస్తుందో చూడండి. కప్పు మీదుగా పోయే గాలి రేకును పైకి లాగుతుంది. అదే సమయంలో గాలికి ఎదురున్న తలుపో కిటికీయో తెరుచుకుందంటే లోపలికి దూరిన గాలి కిందనుంచి తోస్తుంది. రెండూ కలిస్తే రేకు నిలవదు. గాలి వేగం 60 కిలోమీటర్ల నుంచి 120కి పెరిగితే దాని బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ముందు లేచేవి చూరు అంచు రేకులు, కొప్పు దగ్గరి రేకులు.

కాబట్టి వానలు మొదలయ్యేలోపే ఆ రెండు చోట్లా రేకును పైపుకు పట్టి ఉంచే జె బోల్టులను మేస్త్రీకి చూపించండి. ప్రతి అడ్డ పైపు దగ్గరా రేకుకు రెండేసి బోల్టులుండాలి. తుప్పు పట్టినవి, వాషరు ఎండి పగిలినవి మార్పించండి. బోల్టు మరీ బిగిస్తే రేకు చీలుతుంది, వాషరు కదలకుండా ఉంటే చాలు. బస్తాలను సగమే నింపండి, 20 కిలోలకు మించొద్దు. నిండా కుట్టిన బస్తా దొర్లుతుంది, సగం బస్తా రేకు వంపుల్లో అతుక్కుని కూర్చుంటుంది. రెండేసి బస్తాలను నైలాన్ తాడుతో కావడిలా కట్టి, కొప్పుకు అటొకటి ఇటొకటి వేలాడేట్టు వెయ్యాలి. విడి రాళ్లు, ఇటుకలు పెట్టొద్దు. గాలికి అవే వచ్చి ఎవరి తలమీదో పడతాయి. పనిచేసే మనిషి రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు. బోల్టుల వరస మీద అడ్డంగా పలక వేసుకుని దానిమీదే నడవాలి. సిమెంటు రేకు విరిగి కిందపడితే నడుములు పోతాయి.

ఇదంతా ఇల్లు నిలబడటానికి. మీరు ఆ ఇంట్లో ఉండటానికి కాదు. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ప్రాణాలు తీసేది గాలికన్నా ఉప్పెన, దాన్ని ఏ బస్తా ఆపదు. ఖాళీ చెయ్యమని సచివాలయం వాళ్లు చెప్పిన రోజే, పొద్దు ఉండగానే బయల్దేరండి. 'రాత్రికి చూద్దాం' అనుకుంటే చీకట్లో పడిన చెట్లు, తెగిన కరెంటు తీగలు దాటుకుంటూ పిల్లల్ని తీసుకెళ్లాల్సి వస్తుంది. గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటగా కనబడినా షెల్టరు వదలొద్దు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి ఎదురు దిక్కునుంచి అంతే జోరుగా తిరిగొస్తుంది.

వెళ్లే ముందు పశువుల పలుపులు విప్పేయండి. కట్టేసి ఉన్న గొడ్డు నీళ్లు పెరిగితే తప్పించుకోలేదు. ఆధార్, పొలం పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, మందుల చీటీ రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదానిలో ఒకటి పెట్టి సంచిలో వేసుకోండి. మనిషికి ఒక దుప్పటి, టార్చి, ఛార్జింగ్ నిండిన పవర్ బ్యాంకు, మూడు రోజుల మందులు, బొరుగులు, పుట్నాలపప్పు, బెల్లం, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు. చిల్లర నోట్లు కూడా. కరెంటు, టవరు పోతే ఫోన్‌లో డబ్బు పంపడం కుదరదు.

ప్రశ్న: 2021లో మా కింది ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. అప్పుడు మెయిన్ ఆపేసినా ప్లగ్గుల్లో కరెంటు ఉందని తర్వాత తెలిసింది. ఎలా సాధ్యం? గ్యాస్ సిలిండర్లు కూడా తేలి ఇల్లంతా తిరిగాయి. (వెంకటేశ్వరపురం, నెల్లూరు)

మీ ఇంట్లో ఇన్వర్టరు ఉండి ఉండాలి. బయటి కరెంటు పోగానే లైన్లోకి 230 వోల్టులు పంపడమే దాని పని. మీరు మెయిన్ ఆపితే, కరెంటు పోయిందనుకుని అది తన పని మొదలుపెడుతుంది. కాబట్టి రెండు స్విచ్చులూ ఆపాలి: ముందు మెయిన్, వెంటనే ఇన్వర్టరు స్విచ్చి. మిద్దె మీద సోలారు పలకలుంటే దాని ఐసోలేటరు అనే స్విచ్చి కూడా. ఎండ ఉన్నంతసేపు పలకల నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది, వాటిని ముట్టొద్దు.

ఇది నీళ్లు గడప దాటకముందే చెయ్యాలి. చాలా ఇళ్లలో కింది ప్లగ్గులు నేలకు అడుగు ఎత్తులోనే ఉంటాయి. నీళ్లు అప్పటికే ఆ ప్లగ్గుల్ని తాకి, మెయిన్ బోర్డు గదికి అవతల ఉంటే నీళ్లలో దిగొద్దు. బయటనుంచి 1912కి ఫోన్ చేసి లైను తీయించండి. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి (ఆర్‌సీసీబీ) లేకపోతే 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించండి. ఉంటే దానిమీది టెస్టు మీట నెలకోసారి నొక్కి చూడండి, నొక్కగానే పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైనే తూగుతుంది. నీళ్లు వస్తుంటే ఇద్దరు కలిసినా ఎత్తడం కష్టం. కనుక ఇప్పుడే పోయినసారి నీళ్లు వచ్చిన గీతకన్నా పైన, గోడకు బిగించిన ఇనుప స్టాండు మీదికి ఎక్కించండి. ఆ గీత గోడమీద చెరిగిపోయి ఉంటే గుర్తున్నంతవరకు రంగుతో మళ్లీ గీయండి. ఫ్రిజ్జు, బియ్యం డబ్బా, బీరువాలో కాగితాలు, అన్నీ దాన్ని చూసే సర్దుకోవచ్చు.

ఇక సిలిండరు. ఖాళీదే తేలుతుందని చాలామంది నమ్మకం. నిండుదీ తేలుతుంది. 14.2 కిలోల గ్యాసు, ఇనుము కలిపి బరువు సుమారు 30 కిలోలు. కానీ లోపలి జాగాయే 33 లీటర్లు, అంటే 33 కిలోలకు మించిన నీటిని అది పక్కకు నెడుతుంది. అందుకని రెగ్యులేటరు తీసి, సిలిండరు నోటికి మూత బిగించి, మెడ దగ్గర తాడు వేసి కిటికీ కమ్మీకి నిటారుగా కట్టండి. నీళ్లలో మునిగిన రెగ్యులేటరు, రబ్బరు పైపు మళ్లీ వాడొద్దు, ఏజెన్సీ వాళ్లతో మార్పించుకోండి. తిరిగొచ్చాక గ్యాసు వాసన తగిలితే ఏ స్విచ్చీ వెయ్యకండి, ఉన్నదాన్ని ఆపను కూడా ఆపకండి. తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి చెప్పండి.

పెన్నా పక్కన ఉన్నవాళ్లు మీ వీధిలో పడే వానను చూసి లెక్కవేసుకోకూడదు. మీకొచ్చే నీళ్లు కడప వైపునుంచి వస్తాయి. 2021లో పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి వదిలిన నీరు 5 లక్షల క్యూసెక్కులు దాటింది. సోమశిల నుంచి ఎంత వదులుతున్నారో వార్తల్లో వినబడుతుంటే, అంకె పెరుగుతున్నప్పుడే సామాను పైకెక్కించండి.

ప్రశ్న: తుపాను పోయాక మా బావిలో బ్లీచింగ్ ఎంత వెయ్యాలి? ఒకరు పిడికెడంటారు, ఒకరు కిలో అంటారు. (కొత్తపట్నం, ప్రకాశం జిల్లా)

రెండూ తప్పే. బావిలో నీళ్లెన్నో తెలియకుండా మోతాదు చెప్పకూడదు. తాడుకు రాయి కట్టి దించి నీటి లోతు మీటర్లలో కొలవండి. బావి అడ్డం కూడా కొలవండి. అడ్డాన్ని అడ్డంతో గుణించి, లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. అడ్డం 1.5 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయితే దాదాపు 7 వేల లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పొడి. వరద నీళ్లు కలిసిన బావికి మొదటిసారి దానికి రెట్టింపు, 5 గ్రాములు. అంటే మీ బావికి 35 గ్రాములు. పిడికిలితో అంచనా వెయ్యకండి, కిరాణా కొట్లో తూయించుకోండి.

పొడిని నేరుగా బావిలో చల్లకూడదు. అందులో సున్నం ఉంటుంది, అది అడుగున మడ్డిగా పేరుకుంటుంది. బకెట్లో ముందు కొద్ది నీళ్లతో పేస్టులా కలపండి. తర్వాత ముక్కాలు బకెట్టు నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు వదిలెయ్యండి. సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేటను వేరే బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో నీటి లోపలిదాకా దించి, పైకీ కిందికీ నాలుగైదుసార్లు ఆడించండి. గంట ఆగాక నీళ్లు తోడి వాసన చూడండి. సన్నగా బ్లీచింగ్ వాసన రావాలి. రాకపోతే సగం మోతాదు మళ్లీ వెయ్యాలి. ఎంత వేసినా వాసన రావడం లేదంటే పొడి పాతబడిందన్నమాట. మూత తీసి పెట్టిన బ్లీచింగ్‌లో సత్తువ వేగంగా పోతుంది, అందుకే గోనెసంచిలో కాకుండా గట్టి మూతున్న డబ్బాలో, చీకట్లో ఉంచండి. నీళ్లు బురదగా ఉన్నప్పుడు క్లోరిన్ అంతా ఆ బురదకే ఖర్చవుతుంది. పైకి తోడుకున్న నీళ్లను తేరనిచ్చి, గుడ్డతో వడకట్టి, తెర్లేదాకా కాచి తాగండి.

రెండు జాగ్రత్తలు. బురద పోవాలని బావి మొత్తం ఒక్కసారి తోడెయ్యొద్దు. చుట్టూ నేల నానిపోయి ఉంటుంది కనుక లోపలి నీటి ఆసరా తీసేస్తే ఒరలు కూలతాయి. శుభ్రం చెయ్యడానికని మనిషిని దించనే దించొద్దు, అడుగున చేరిన విషవాయువుకు ఒకరి వెనక ఒకరు బలైపోతారు.

ఉప్పెన నీరు ఎక్కిన బావి సంగతి వేరు. ఉప్పు బ్లీచింగ్‌కు పోదు, కాచితే ఇంకా ఉప్పవుతుంది. మన తీరం ఇసుకలో మంచినీళ్లు ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతుంటాయి. దొరువుల్లో, అంటే ఇసుకలో తవ్వుకున్న లోతులేని గుంటల్లో, తీయటి నీళ్లు దొరికేది అందుకే. మోటారు పైపును లోతుకు దించి గట్టిగా లాగితే కింది ఉప్పు పైకి ఎగదన్నుతుంది. పైపైన, కొద్దికొద్దిగా, రోజు విడిచి రోజు తోడిపారేస్తూ వానలకు మళ్లీ తేరుకోనివ్వాలి. అప్పటిదాకా తాగడానికి ట్యాంకరు నీళ్లు, లేదంటే మిద్దె మీద పడిన వాన నీళ్లు. మొదటి ఇరవై నిమిషాల వాన వదిలేసి పట్టుకోండి. అసలు తుపాను ముందురోజే మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నిండా నింపితే రెండు పనులవుతాయి: వెయ్యి లీటర్ల నిలవ ఉంటుంది, టన్ను బరువుకు ట్యాంకు గాలికి ఎగరదు.

ప్రశ్న: అమ్మకు ఇన్సులిన్. మొన్న మూడు రోజులు కరెంటు లేదు. ఫ్రిజ్జు లేకపోతే మందు పాడవుతుందా? (ఒంగోలు)

వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట ఉంటే చాలా రకాలు నాలుగు వారాల దాకా బాగానే ఉంటాయి. మీ అట్టపెట్టె మీద ఎన్ని రోజులని రాసి ఉందో అదే ప్రమాణం. తెరవని సీసాల కోసం పెద్ద మట్టికుండలో తడి ఇసుక వేసి, అందులో చిన్న ముంత పెట్టి, దానిలో సీసాలు ఉంచండి. పైన తడిగుడ్డ కప్పి, పొద్దున సాయంత్రం ఇసుక తడపండి. ఐసుగడ్డకు ఆనించి మాత్రం పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా పనిచెయ్యదు. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా ఉన్నా, ఉండలు తేలినా పారెయ్యండి. తుపాను రోజుల్లో భోజనం వేళకు దొరక్కపోవచ్చు. ఇంజెక్షను చేశాక అన్నం ఆలస్యమైతే చెమటలు, వణుకు, మాట తడబడటం వస్తాయి. మూడు చెంచాల పంచదార అమ్మ తలగడ పక్కన ఎప్పుడూ ఉండాలి.

ప్రశ్న: వరద తగ్గాక ఇంట్లోకి పాములు వస్తున్నాయి. (కావలి దగ్గరి పల్లె)

వాటికీ పొడి చోటు కావాలి. తిరిగొచ్చిన రోజు కట్టెల గుట్ట, చెప్పులు, మడిచిన చాపలు చేత్తో తియ్యకుండా ముందు కర్రతో కదపండి. నేలమీద పడుకోవద్దు. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము నిద్రలో కాటేస్తే నొప్పి, గాటు దాదాపు తెలియవు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే పాము కనబడకపోయినా ఆసుపత్రికే. కాటుకు తాడు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా 108లో తీసుకెళ్లండి. ప్రభుత్వాసుపత్రుల్లో విరుగుడు మందు ఉచితంగా ఇస్తారు.

ప్రశ్న: బైకు రాత్రంతా నీళ్లలో ఉంది. స్టార్టు చెయ్యవచ్చా? (కోవూరు)

కిక్కు కూడా కొట్టొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ తీగ తీసి, ప్లగ్గు విప్పి, ఎయిర్ ఫిల్టరు మార్చి, ఆయిలు దించి చూడమనండి. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. కొత్త ఆయిలు పోసి కాసేపు నడిపించి, మళ్లీ ఒకసారి మార్చాలి. బీమా ఉంటే మెకానిక్ చెయ్యి పెట్టకముందే ఫోటోలు తీసి కంపెనీకి చెప్పండి.

ప్రశ్న: 2024 డిసెంబరులో మా వైపు భూమి కదిలింది. దానికేం సిద్ధం చేసుకోవాలి? (ముండ్లమూరు మండలం)

అప్పటివి చిన్నవే. కానీ 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో అయిదు తీవ్రత దాటిన భూకంపం వచ్చిందని మరవొద్దు. బీరువాను ఎల్ ముక్కతో గోడకు బిగించండి. మంచం పైనున్న అటక మీద రోలు, ఇత్తడి కాగు లాంటి బరువులు పెట్టకండి. కదులుతుండగా మెట్ల మీదికి పరుగెత్తొద్దు. గట్టి బల్ల కింద తల దాచుకుని, ఆగాక బయటికి రండి. రాతి గోడ, మట్టి మిద్దె ఇల్లయితే మాత్రం, వాకిలి రెండు అడుగుల దూరంలో ఉంటే వెంటనే బయటపడటమే మేలు. అలాంటి మిద్దె మీద ఏటేటా మట్టి పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. ఈసారి కొత్త మట్టి వేసే ముందు పాతది అంత మందం తీసెయ్యండి.