రేడియోలో పనిచేస్తానంటున్న అమ్మాయికి, ఆమె తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ చివరి సంవత్సరం చదువుతోంది. బ్రిటన్‌లో రేడియో తొలినాళ్లలో పనిచేసిన సీసిల్ లూయిస్ గురించి చదివినప్పటి నుంచి, తానూ రేడియో, పాడ్‌కాస్ట్ కార్యక్రమాలు తయారుచేసే పనిలోకే వెళ్తానంటోంది. ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్ చేయాలని పట్టుబడుతోంది. అందుకు ఇంటి మీద అప్పు తీసుకోవాలి. మేము ఎంబీఏ చేయమంటున్నాం, కాదంటే బ్యాంకు పరీక్షలు రాయమంటున్నాం. ఏది మేలో పోల్చి చెప్పండి. ఆ లూయిస్ కూడా చివరికి ఎందులోనూ నిలవలేదట. బంధువులు అడిగితే అమ్మాయి ఏం చేస్తోందని చెప్పుకోవాలి? – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: పోల్చి చెప్పమన్నారు, తప్పకుండా చెబుతాను. అయితే మీ ఉత్తరాన్ని రెండోసారి చదువుతున్నప్పుడు ఒక విషయం గమనించాను. ఈ రంగంలో జీతం ఎంత వస్తుందని మీరు ఒక్కచోట కూడా అడగలేదు; బంధువులకు ఏమని చెప్పుకోవాలని మాత్రం అడిగారు. ఇటువంటి ఉత్తరాలు నాకు ఏళ్లుగా వస్తున్నాయి. వాటిలో కోర్సుల పేర్లు మారుతుంటాయి కానీ, అడుగున ఉన్న భయం మారదు. పిల్ల ఎంచుకున్న పనికి నలుగురికీ తెలిసిన పేరు లేదన్నదే ఆ భయం. అందుకే ముందు లూయిస్ సంగతి మాట్లాడుకుందాం. ఆయన కథలో మీ అమ్మాయి ఒక సగం చదివింది, మీరు రెండో సగం చదివారు.

లూయిస్ 1898లో బర్కెన్‌హెడ్‌లో పుట్టాడు. పదిహేడేళ్లకే వయసు ఎక్కువ చెప్పి, అప్పటి బ్రిటిష్ సైన్యపు విమాన విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జూలై 1 ఉదయం ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలవుతున్న వేళ ఆయన ఆ రణరంగం మీద విమానంలో తిరుగుతున్నాడు. 7 గంటల 28 నిమిషాలకు లా బ్వాసెల్ దగ్గర శత్రువుల కందకాల కింద పాతిన మందుపాతర పేలి, మట్టి వేల అడుగుల ఎత్తుకు స్తంభంలా లేచినప్పుడు పైనుంచి చూసినవాడు ఆయనే. ఇరవై ఏళ్ల తరువాత ఆ దృశ్యాన్ని ఆయన రాసిన తీరు నేటికీ చదివిస్తుంది. యుద్ధం ముగిశాక విమానాలు తయారుచేసే వికర్స్ సంస్థ తరఫున పెకింగ్ (నేటి బీజింగ్) వెళ్లి చైనావారికి విమానం నడపడం నేర్పాడు. తిరిగివచ్చి, 1922 చివర్లో బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీలో, అంటే నేటి బీబీసీ తొలి రూపంలో, చేరేనాటికి ఆయనకు 24 ఏళ్లు.

ఆ కంపెనీని పెట్టింది ప్రభుత్వం కాదు, వైర్‌లెస్ సెట్లు తయారుచేసే సంస్థలు. వినడానికి ఏమీ లేకపోతే సెట్లు ఎవరూ కొనరు కనుక, వినడానికి ఏదో ఒకటి ఉండాలి కనుక పెట్టిన కంపెనీ అది. నవంబర్ 14న లండన్‌లోని మార్కొనీ హౌస్ నుంచి ప్రసారాలు మొదలైనప్పుడు ఆర్థర్ బరోస్ వార్తలను ఒకసారి వేగంగా, మరోసారి నెమ్మదిగా చదివి, ఏది బాగుందో చెప్పండని శ్రోతలనే అడిగాడు. రేడియోలో వార్తలు ఎలా చదవాలో కూడా ఎవరికీ తెలియని రోజులవి. మేనేజరుగా వచ్చిన జాన్ రీత్ సైతం, బ్రాడ్‌కాస్టింగ్ అంటే ఏమిటో తెలియకుండానే దరఖాస్తు పెట్టుకున్నానని తరువాత రాసుకున్నాడు. ఇప్పుడు మీరే చెప్పండి. మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని ఆ ఏడాది లూయిస్ తల్లిని ఇరుగుపొరుగువారు అడిగి ఉంటే ఆమె ఏమని చెప్పగలిగేది?

ఆయన చేసినవి రెండు పనులు. పగలు కార్యక్రమాల ఏర్పాటు. పాడేవారిని, మాట్లాడేవారిని వెతికి తీసుకురావడం అందులో కష్టమైన భాగం, ఎందుకంటే రేడియో వస్తే టిక్కెట్లు తెగవని భయపడిన నాటకశాలల యజమానులు తమ కళాకారులను పంపడానికి ఒప్పుకునేవారు కాదు. పత్రికల యజమానుల ఒత్తిడి వల్ల సాయంత్రం 7 గంటలకు ముందు వార్తలు చదవడానికే వీల్లేదు. సాయంత్రం పిల్లల కార్యక్రమంలో ఆయనే అంకుల్ కరాక్టకస్. రోమన్లతో పోరాడిన ప్రాచీన బ్రిటన్ నాయకుడి పేరది. బరోస్ అంకుల్ ఆర్థర్, రెక్స్ పామర్ అంకుల్ రెక్స్. మన మద్రాసు కేంద్రంలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య అయినట్టే అక్కడ వీరంతా బాబాయిలయ్యారు. 1923లో సావాయ్ హిల్‌లోని భవనానికి మారాక, ధ్వని ప్రతిధ్వనించకుండా స్టూడియో గోడలన్నిటికీ మందపాటి తెరలు వేలాడదీశారు. మైకు చేత్తో పట్టుకునేది కాదు. చక్రాల బండి మీద జాలీ పెట్టెలో ఉండేది. వంటింట్లో మాంసం దాచుకునే జాలీ అల్మరాలా ఉందని దాన్ని మీట్ సేఫ్ అని పిలిచేవారు. దాన్ని మాట్లాడేవారి దగ్గరకు తోసుకువెళ్లాలి. మీ అమ్మాయికి నచ్చిన సగం ఇదే అయివుంటుంది, అది ఎవరికైనా నచ్చేదే.

వినిపించే గొంతుగా ఉండాలా, కార్యక్రమాన్ని తయారుచేసే మనిషిగా ఉండాలా అన్నది అమ్మాయి ముందుగా తేల్చుకోవాలి. లూయిస్ రోజుల్లో ఒకే మనిషి రెండూ చేశాడు. పదేళ్లలో అవి వేర్వేరు ఉద్యోగాలయ్యాయి. నా మాట అడిగితే తయారీయే నేర్చుకోమంటాను. 1924 జనవరిలో బీబీసీ ప్రసారం చేసిన, రేడియో కోసమే రాసిన తొలి నాటకం కరెంటు పోయిన బొగ్గుగనిలో జరుగుతుంది. శ్రోతలను ఇళ్లలో దీపాలు ఆర్పేసి వినమన్నారు. కనిపించకపోవడం రేడియోకు లోపమని అందరూ అనుకుంటున్నప్పుడు ఆ లోపాన్నే కథగా మలిచారు. తయారీ అంటే ఇదే. గొంతు మంచిదైనంత మాత్రాన ఇది రాదు. ఆడపిల్ల తండ్రిగా మీరు తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. 1933లో షీలా బారెట్‌ను బీబీసీ తొలి మహిళా అనౌన్సరుగా పెడితే, ఆడగొంతు మాకొద్దని ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొన్ని నెలలకే ఆమెను తప్పించారు. కానీ అంతకు ఆరేళ్ల ముందే, 1927లో, ప్రసంగాల విభాగానికి మొదటి డైరెక్టరు హిల్డా మాథెసన్ అనే మహిళ. పండితులు రాసుకొచ్చిన ఉపన్యాసాన్ని ఎదుటి మనిషితో మాట్లాడినట్టు తిరగరాయించి, రిహార్సల్ చేయించి, ఆ తరువాతే మైకు ముందు కూర్చోబెట్టేది. గొంతుకు తలుపు మూసుకున్న చోట పనితనానికి తలుపు తెరుచుకుంది.

ఇక మీరు చదివిన సగం. లూయిస్ 1926లో బీబీసీని వదిలేశాడు, నిజమే. ఆ తరువాత సినిమాలు, రచన, రెండో యుద్ధంలో మళ్లీ వైమానిక దళంలో శిక్షకుడు, దక్షిణాఫ్రికాలో వ్యవసాయం, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి రేడియో, లండన్‌లో ప్రైవేటు టెలివిజన్, పత్రికా రచన. వరసగా చదివితే మీ మాటే నిజమనిపిస్తుంది. కానీ ఒక్కొక్కటీ విప్పి చూడండి. రేడియోలో ఉండగానే, 1924లో, ఆ పని ఎలా జరుగుతుందో ఒక పుస్తకం రాశాడు. ఆ రోజుల్లోనే నాటకకర్త బెర్నార్డ్ షాతో పరిచయమైంది. 1931లో షా నాటకాన్ని మాటల సినిమాగా తీసింది ఆయనే, షా పిగ్మాలియన్ సినిమా స్క్రీన్‌ప్లేకు వచ్చిన ఆస్కార్‌లో షాతో పాటు భాగం దక్కినవారిలోనూ ఆయన ఉన్నాడు. చేతిలో కలం ఉంది కాబట్టి ఒక గుమ్మం దాటితే మరో గుమ్మం దొరికింది. 1997లో, 98 ఏళ్ల వయసులో, మరణించేదాకా ఆయనను నడిపించినది బీబీసీ ఉద్యోగం కాదు, రాయగలిగిన శక్తి. మీరు దాన్ని నిలకడలేమి అన్నారు. మీ మాట నాకు బాధ కలిగించింది, ఎందుకంటే అదే మాట మీరు ఇంట్లో అమ్మాయితోనూ అని ఉంటారు.

ఇంకొక మాట కటువుగానే చెప్పాలి. అమ్మాయి ఇప్పటివరకు ఏం రికార్డు చేసిందో, ఎవరితో మాట్లాడిందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. ఆమె చేసిన కార్యక్రమం ఒక్కటైనా మీరు విన్నారా? వినకుండానే వద్దనడం న్యాయం కాదు, వినకుండానే ఇల్లు తాకట్టు పెట్టడమూ న్యాయం కాదు.

ఇంగ్లండ్ కోర్సు మీద నాకూ అనుమానాలున్నాయి, అమ్మాయి వీటిని శ్రద్ధగా చదవాలి. లూయిస్ ఏ కోర్సూ చేయలేదు. అప్పటికి కోర్సే లేదు. అలాగని ఇప్పుడు అక్కర్లేదని కాదు. కానీ ఏడాది మాస్టర్స్ అంటే సామాను సర్దుకుని, ఊరు అలవాటై, అక్కడి ఇంగ్లిష్ యాస చెవికి పట్టేసరికే సగం అయిపోతుంది. చదువు తరువాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా గడువును కూడా 2027 జనవరి నుంచి రెండేళ్లకు బదులు 18 నెలలు చేస్తున్నారు. ఆ గడువులోపల, అక్కడే పుట్టి పెరిగి ఆ ఊళ్లూ ఆ మనుషులూ తెలిసిన పిల్లలతో పోటీపడి, వారి శ్రోతలకు కార్యక్రమాలు చేయాలి. మీ అమ్మాయికి పుట్టుకతో వచ్చిన బలం తెలుగు. అక్కడ దాన్ని కొనేవారు తక్కువ. కొంతకాలం క్రితం ఇలాంటి కోర్సు చేసి వచ్చిన ఒక అబ్బాయి నా ఎదురుగా కూర్చుని సర్టిఫికెట్లు వరసగా పేర్చాడు. నువ్వు చేసిన పది నిమిషాల కార్యక్రమం ఏదైనా వినిపించమంటే ఫోనులో చాలాసేపు వెతికాడు. చివరికి నలుగురైదుగురు కలిసి చేసిన క్లాసు ప్రాజెక్టు ఒకటి దొరికింది. అందులో అతని గొంతు లేదు, అతను రాసిన మాటా లేదు. తీర్చవలసిన అప్పు మాత్రం మొత్తం అతనిదే. పాడ్‌కాస్ట్ కోర్సుల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ అబ్బాయే గుర్తొస్తాడు.

ఎంబీఏ సంగతి ఒక్క మాటలో చెబుతాను: ఇష్టం లేకుండా ఏదో ఒక కాలేజీలో చేసే ఎంబీఏ కంటే ఆ రెండేళ్లు ఉద్యోగం చేయడం మేలు. బ్యాంకు పరీక్షలు రాస్తానంటే రాయనివ్వండి, వాటికి చదువుతూ కూడా సాయంత్రాలు రికార్డింగ్ చేసుకోవచ్చు.

ఇక భయపడకండి. ఆరు నెలల గడువు పెట్టండి. ఆ ఆరు నెలల్లో అమ్మాయి పది నిమిషాల కార్యక్రమాలు మూడు తయారుచేయాలి. మనిషిని వెతకడం, ప్రశ్నలు రాసుకోవడం, రికార్డు చేయడం, అరగంట మాటను పది నిమిషాలకు కుదించడం, అన్నీ ఆమే చేయాలి. మొదటిది ఇంట్లోని పెద్దవారితోనే చేయమనండి. వారికి రేడియో ఉన్న రోజులు బాగా గుర్తుంటాయి. మీకు దగ్గర్లో కొత్తగూడెం ఆకాశవాణి ఉంది. క్యాజువల్ అనౌన్సర్ల కోసం, అంటే అవసరమైన రోజుల్లో మాత్రం పిలిచే అనౌన్సర్ల కోసం, ఆకాశవాణి కేంద్రాలు ప్రకటనలు ఇస్తుంటాయి, ఆడిషన్‌కు వెళ్లమనండి. ఎంపిక కాకపోయినా పరవాలేదు, స్టూడియోలో ఎర్రదీపం వెలిగినప్పుడు తన ఊపిరి తనకే ఎలా వినిపిస్తుందో తెలుస్తుంది.

బంధువులు అడిగితే, మా అమ్మాయి రేడియో కార్యక్రమాలు తయారుచేయడం నేర్చుకుంటోందని చెప్పండి. ఆ మాట చెప్పేముందు మొదటి కార్యక్రమాన్ని మీరు ఒక్కరే, పూర్తిగా, మధ్యలో ఆపకుండా వినండి. మూడూ పూర్తయ్యాక నాకు పంపితే నేనూ వింటాను. ఇంగ్లండ్ వెళ్లాలా వద్దా అన్నది వాటిని విన్నాకే మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఇంటి కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి.