నొప్పి లేదని ఊరుకోకు: పంటి క్యాప్ గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలు, నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. కింది దవడ పన్నుకి క్యాప్ వేయించి పన్నెండేళ్లయిందనీ, నొప్పేమీ లేకపోయినా డాక్టరు గారు మార్చేద్దాం అంటున్నారనీ చెప్పావు. "నొప్పి లేనప్పుడు ఎందుకు పెద్దమ్మా కదిలించడం?" అన్నావు చూడు, ఆ మాటే మూడు రోజులుగా నా చెవిలో తిరుగుతోంది. ఒకప్పుడు నేనూ అదే అన్నాను. అలా అనే ఒక పన్ను పోగొట్టుకున్నాను.

నీ పన్నుకి రూట్ కెనాల్ చేశారు కదా. అంటే లోపలి నరం తీసేసినట్టే. ఇక ఆ పన్ను పుచ్చిపోతున్నా జివ్వుమనదు, చన్నీళ్లు తగిలినా ఏమీ తెలియదు. క్యాప్‌కి పుచ్చు పట్టదు, నిజమే. కానీ దాని కిందున్నది నీ సొంత పన్నే. క్యాప్ అంచు పన్నుని కలిసేచోట, చిగురు దగ్గర, సన్నటి అతుకు ఉంటుంది. పుచ్చు లోపలికి దూరేది ఆ అతుకు నుంచే.

నాకు పైవరుస దవడ పన్నుకి జరిగింది ఇదే. రెండు మూడు నెలలుగా ఆ పక్క నుంచి ఒకలాంటి వాసన వచ్చేది. పొద్దున ఎంత తోమినా సాయంత్రానికి మళ్లీ మామూలే. కడుపు బాగాలేదేమో అనుకుని జీలకర్ర నీళ్లు తాగుతూ కూర్చున్నాను. ఆ సందులో దారం పెట్టి శుభ్రం చేస్తే పోగులు పోగులుగా తెగిపోయేది. అదీ పట్టించుకోలేదు. సంక్రాంతికి జంతిక కొరికానో లేదో, క్యాప్ ఊడి చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూస్తే లోపలంతా నల్లగా, తడితడిగా ఉంది. అద్దంలో చూసుకుంటే చిగురు మట్టానికి గోధుమరంగు మోడు మిగిలింది. డాక్టరు గారు సూదిలాంటి పనిముట్టుతో నొక్కితే నానిన చెక్కలోకి దిగినట్టు దిగిపోయింది. కొత్త క్యాప్ పట్టుకోవడానికి గట్టి పన్నంటూ లేదు, తీసేయక తప్పలేదు. ఒక్క ఏడాది ముందు వెళ్లి ఉంటే అంచు దగ్గరే దొరికేది.

అందుకే నొప్పి కోసం ఎదురుచూడకు. ఆ ఒక్క పంటి దగ్గర వాసన గానీ చేదు గానీ వస్తోందా చూడు. ఇదివరకు లేనిది, ఇప్పుడు ప్రతి భోజనానికీ అక్కడ కూర పీచు ఇరుక్కుంటోందా? నాలుకతో తోస్తే క్యాప్ కాస్తయినా కదులుతోందా? వీటిలో ఏది ఉన్నా వారంలోపు చూపించుకో. చిగురు మీద చిన్న కురుపులా లేచి, చితికి, చీము కారి, తగ్గి మళ్లీ వస్తుంటే మాత్రం చాలావరకు అది వేరు దగ్గరి జబ్బు. అలాంటప్పుడు ముందు వేరు సంగతి తేల్చుకోవాలి. చీమున్న వేరు మీద కొత్త క్యాప్ వేయించుకుంటే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

అలాగని ఏళ్లు నిండాయని మార్చేయడమూ తప్పే. క్యాప్ సాధారణంగా పది పదిహేనేళ్లు వస్తుందంటారు గానీ, నా కింది పన్నుకున్న మెటల్ క్యాప్‌కి ఇరవై రెండేళ్లు. అంచు గట్టిగా ఉంది, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నా ముందు పళ్లకున్న మూడు క్యాప్‌ల దగ్గర చిగురు వెంట నల్లగీత కనిపిస్తోందని ఒకచోట మూడూ మార్చాలన్నారు. ఇంకొకరికి చూపిస్తే, చిగురు వెనక్కి తగ్గి సిరామిక్ లోపలి లోహం అంచు బయటపడిందంతే, పన్ను బాగుంది అన్నారు. చూపుకి ఇబ్బందైతే మార్చుకోవచ్చు గానీ అది జబ్బు కాదు. సిరామిక్ కొసన కొంచెం పెచ్చు లేచినా చాలాసార్లు నునుపు చేస్తే సరిపోతుంది. పాతది కోసి తీసిన ప్రతిసారీ కింది పన్ను ఎంతో కొంత అరుగుతుంది తల్లీ, అందుకని కారణం లేకుండా మార్పించుకోవద్దంటాను.

కాబట్టి మీ డాక్టరు గారిని మొహమాటపడకుండా అడుగు. "అంచు దగ్గర పుచ్చు ఉందా? క్యాప్ అతికించిన సిమెంట్ కరిగిపోయిందా? వేరు చివర ఏమైనా కనిపిస్తోందా?" అని. ఉంటే అద్దంలోనో ఫోటోలోనో చూపించమను. ఎక్స్‌రే బాగుందని దానితోనే తృప్తిపడకు. లోహం గుండా ఎక్స్‌రే పోదు, క్యాప్ కప్పిన భాగం అందులో తెల్లగానే పడుతుంది. పక్కల అంచులు, వేరు చివర తెలుస్తాయి, అంతే. పనిముట్టుతో అంచు చుట్టూ తడిమి చూడాల్సిందే. పన్నెండేళ్లయింది అన్నదొక్కటే కారణమైతే, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే, అక్కడ ఇంకోసారి చూపించుకో.

ఈలోగా క్యాప్ ఊడిందే అనుకో, కంగారుపడకు. కడిగి చిన్న డబ్బాలో వేసుకుని రెండు రోజుల్లో వెళ్లు. కింద పన్ను బాగుంటే అదే క్యాప్ మళ్లీ అతికిస్తారు. ఆలస్యం చేస్తే పక్క పళ్లు ఒరిగి అది సరిపోకుండా పోతుంది. ఫెవిక్విక్ లాంటివి మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని పంటి మీద ఊరికే పెట్టుకుని నిద్రపోనూ వద్దు, గొంతులోకి జారిపోతుంది.

ఇంకొకటి. నువ్వు నిద్రలో పళ్లు నూరతావని మీ అమ్మ చెబుతూ ఉండేది. ఆ సంగతి కూడా డాక్టరు గారితో అను, రాత్రిపూట పళ్లకి తొడుక్కునే గార్డ్ చేసిస్తారు. మీ పెదనాన్నకి అదే వేయించాక క్యాప్ పగలడం ఆగింది.

చూపించుకునే దాకా వక్క, పల్లీపట్టి ఆ పక్క నమలకు. ఎక్స్‌రే తీయగానే వాట్సాప్‌లో పెట్టు, డాక్టరు గారు ఏమన్నారో కూడా చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ