బుధుణ్ణి చూడాలంటే గోపాల్‌పూర్ ఒడ్డుకి పో

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బరంపురంలో మేడ మీంచి సాయంత్రాలు ఎంత వెతికినా బుధుడు దొరకలేదని రాశావు. పడమట కొండలు, వీధి దీపాలు ఉండగా ఎలా దొరుకుతాడు? ఆశ్వయుజంలో తెల్లవారుజామున గోపాల్‌పూర్ ఒడ్డుకి పో. ఆ రోజుల్లో బుధుడు సూర్యుడు ఉదయించే చోటికి దాదాపు నిలువుగా పైనుంటాడు.

ముందు పంచాంగం తియ్యి. రవి స్ఫుటం, అంటే రాశిలో సూర్యుడున్న చోటు, కన్యలో 28 భాగలు (డిగ్రీలు), బుధుడిది కన్యలోనే 10 అనుకో. తేడా 18. బుధుడు వెనకున్నాడు కనుక సూర్యుడికంటే గంటా పావు ముందు లేస్తాడు. ముందుంటే సాయంత్రం చూడాలి. ఆ తేడా 28 దాటదు. 14 లోపైతే అస్తంగతుడని, అంటే సూర్యుడి వెలుగులో మునిగి కనబడడని, పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం మాట; వక్రిస్తే, అంటే వెనక్కి నడుస్తుంటే, 12. నన్నడిగితే 15 లేనిదే పెట్రోలు దండగ. తేడా గరిష్ఠం దాటిన వారంలో వెళ్లు. ఉదయం కనబడే విడతలో బుధుడు మొదట సన్నని నెలవంకలా మసకగా ఉండి, నిండేకొద్దీ మెరుస్తాడు. సాయంత్రం విడతలో ఇది తిరగబడుతుంది.

అక్టోబరు నడిమిలో సూర్యోదయం 5:45 ప్రాంతం. 4:30 కల్లా ఇసుకలో ఉండాలి. 10x50 బైనాక్యులర్ చాలు. దక్షిణాన మెరిసే సిరియస్ నక్షత్రం మీద ముందే ఫోకస్ చేసి ఇక ముట్టుకోకు. ఫోకస్ చెదిరితే బుధుడు పలచని మచ్చయి తెల్లబడే ఆకాశంలో కలిసిపోతాడు. 5 గంటలకి సముద్రపు గీత అద్దంలో అడుగున ఉండేలా పట్టి ఎడమనుంచి కుడికి తిప్పు. దొరక్కపోతే అద్దంలో కనబడే మేరలో సగమంత పైకెత్తి మళ్లీ తిప్పు. చెయ్యి చాపి పిడికిలి పట్టి సముద్రపు గీతమీద ఆనినట్టు పెట్టు. అంత ఎత్తుకి కాస్త కిందే ఉంటాడు.

చేపల పడవ దీపాలే పెద్ద మోసం. గ్రహాలు మిణకవంటారు గానీ ఇంత కిందుంటే బుధుడూ మిణుకుతాడు, దాన్ని నమ్మకు. చిటికెన వేలు అడ్డం పెట్టి ఐదు నిమిషాలాగు. వేలెడు పైకొస్తే బుధుడు, నీటి అంచునే ఉంటే పడవ.

నీళ్లమీద రెండు మూడు డిగ్రీల మేర తేమ పొర ఎప్పుడూ ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు పలచబడుతుంది.

5:30 కి బైనాక్యులర్ పెట్టెలో పెట్టెయ్యి. సూర్యుడి అంచు అద్దంలో పడ్డా కన్ను పోతుంది. ఇంటికొచ్చాక అద్దాల మీది ఇసుక బ్లోయర్‌తో ఊదాకే ఉప్పు తుడు, లేకుంటే గీతలు పడతాయి.

మీ మావయ్య