చవకగా వచ్చే నకలు చైన్‌సా కొనవచ్చా, బ్రాండుదే తీసుకోవాలా?

ఎప్పుడో ఒకసారి పొలం గట్టున తుమ్మ కొమ్మలు కొట్టుకునేవారికి నకలు సరిపోవచ్చు. సరుగుడు, జామాయిల్ కోతే జీవనాధారమైనవారు మాత్రం అసలుదే కొనాలి.

జర్మనీ బ్రాండు స్టిల్ వారి ఎంఎస్ 660 నమూనాలో చైనాలో తయారయ్యే హోల్జ్‌ఫోర్మా జీ660నే చూడండి. రెండూ సుమారు 92 సీసీ. విడిభాగాలు కూడా చాలావరకు ఒకదానివి మరొకదానికి పడతాయి. తేడా రావడానికి ఎక్కువ అవకాశం ఉన్నది కంటికి కనిపించని చోట: సిలిండర్ లోపలి పూత, క్రాంక్ సీళ్లు (ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి చొరకుండా ఆపే రింగులు). సీలు కాస్త వదులైనా బయటి గాలి లోపలికి చొరబడుతుంది. దాంతో పెట్రోలు వాటా తగ్గుతుంది, అందులో కలిపిన ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ మీద నిలువు గీతలు పడి చివరకు బిగుసుకుపోతుంది. ఆక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం దిగకపోతే వెంటనే ఆపేయండి.

డబ్బు సంగతి అలా ఉంచి, నన్ను ఎక్కువగా భయపెట్టేది చైన్ బ్రేకు. చైన్ చుట్టూ తిరిగే లోహపు పట్టీ మొన పైభాగం దుంగకు తగిలితే రంపం ఒక్కసారిగా మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. రెప్పపాటులో చైన్‌ను ఆపాల్సింది ఆ బ్రేకే. కోతకు ముందు చైన్ తిరుగుతుండగా ముందు పిడి దగ్గరుండే చేతి కవచాన్ని ముందుకు నెట్టి చూడండి; ఆ బ్రేకు పడేది దానితోనే. తక్షణం ఆగకపోతే ఎంత చవకైనా ఆ యంత్రం వద్దు.

బడ్జెట్ తక్కువైతే పెద్ద నకలు కంటే 31.8 సీసీ ఎంఎస్ 180 లాంటి చిన్న అసలు యంత్రం మేలు. బ్రాండు స్టిక్కర్ అతికించి సగం ధరకు అమ్మేవాటి జోలికి అసలే వెళ్లకండి. వాటికి వారంటీ ఇచ్చే నాథుడు ఉండడు.