ఫైట్ డబ్బుతో నంబర్ ప్లేట్ కొంటానంటున్న తమ్ముడు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. మా తమ్ముడికి 24 ఏళ్లు, ఇక్కడే పుట్టి పెరిగాడు. రెండేళ్ల క్రితం ప్రొఫెషనల్ బాక్సర్ అయ్యాడు. ఇన్నాళ్లూ చిన్న చిన్న హాళ్లలో ఫైట్లు, తన టిక్కెట్లు తనే అమ్ముకోవడం. 2025 నవంబరులో మొదటిసారి టీవీలో వచ్చే పెద్ద షోలో అవకాశం వచ్చింది, గెలిచాడు. పర్సు, అంటే ఫైట్‌కి ఇచ్చే మొత్తం, 30,000 పౌండ్లు. అందులో మేనేజర్‌కి 25 శాతం, ట్రైనర్‌కి 10 శాతం. ఫైట్ ముందు శిక్షణ క్యాంపుకి, స్పారింగ్‌కి (సాధన ఫైట్లకి), ప్రయాణాలకి ఇంకో 2,500 అయ్యాయి. జిమ్‌లో పర్సనల్ ట్రైనింగ్ మీద ఖర్చులు పోను ఏడాదికి 16,000 దాకా వస్తుంది, అది నెలవారీ ఖర్చులకే సరిపోతుంది. గతేడాది ఫైట్ల మీద పెద్దగా ఏమీ మిగల్లేదు, పన్ను కూడా వెయ్యి పౌండ్ల లోపే వచ్చింది. ఇప్పుడు తన రింగ్ పేరుతో, ముందు నాకౌట్‌ని గుర్తుచేసే ‘కేఓ’ అక్షరాలతో ఒక డీలర్ దగ్గర నంబర్ ప్లేట్ చూశాడు. ధర 11,500 పౌండ్లు. లీజుకి తీసుకున్న కారుకి పెట్టుకుంటాడట. సగం ఇప్పుడు కట్టి, సగం లోన్ తీసుకుంటానని, నన్ను గ్యారంటర్‌గా సంతకం పెట్టమంటున్నాడు. ‘ఇది ఖర్చు కాదక్కా, ఇన్వెస్ట్‌మెంట్, బాక్సర్లందరూ కొంటారు’ అంటాడు. నాన్నగారు వాడితో మాట్లాడటమే మానేశారు. నేనేం చేయాలి?

జవాబు: ముందు మీ సంగతి. సంతకం పెట్టకండి. గ్యారంటర్ అంటే సాక్షి కాదు. వాడు వాయిదా కట్టలేకపోయిన రోజున మిగిలిన అప్పు మొత్తం మీదే అవుతుంది, మీరూ కట్టకపోతే దెబ్బ మీ క్రెడిట్ రికార్డు మీద పడుతుంది. రేపు మీరు ఇంటి లోన్‌కి వెళ్లినప్పుడు ఆ గ్యారంటీ సంగతి కూడా అడుగుతారు. పైగా కట్టేవాడు బాక్సర్. చెయ్యి విరిగితే ఆరు నెలలు ఫైట్ ఉండదు, సొంతంగా పనిచేసేవాడు కాబట్టి సిక్ పే కూడా రాదు. తమ్ముడి మీద ప్రేమ చూపించడానికి వేరే దారులున్నాయి, ఇది మాత్రం వద్దు.

అయితే నాన్నగారు అనుకుంటున్నట్టు ఇది బుద్ధిలేని కోరిక అని నేననను. బాక్సర్‌కి తన పేరే సరుకు. ఫుట్‌బాల్ ఆటగాడికి క్లబ్బు ఉంటుంది, నెల జీతం ఉంటుంది, వెనకాల పెద్ద గుర్తు ఉంటుంది. బాక్సర్‌కి అవేవీ ఉండవు. చిన్న హాళ్లలో ఫైట్ చేసేవాడు టిక్కెట్లు అమ్మితేనే డబ్బు, ఎదుటివాడికి ఇచ్చేది కూడా చాలాసార్లు ఆ టిక్కెట్ల సొమ్ములోంచే పోతుంది. పేరు తెలిస్తేనే టిక్కెట్ తెగుతుంది. రింగ్ పేరు, నిక్కరు మీద అక్షరాలు, రింగ్‌లోకి నడిచొచ్చేటప్పుడు పాట, చివరికి కారు నంబరు, అన్నీ ఒకే మాట చెబుతుంటాయి: నేను వచ్చాను, నన్ను గుర్తుపెట్టుకోండి. రెండేళ్లు దెబ్బలు తిని, మొదటిసారి టీవీలో కనిపించిన కుర్రాడికి ఆ మాట కారు మీద చూసుకోవాలనిపించడం సహజమే. ఇంటి దగ్గర మనవాళ్లు తక్కువేం కాదు. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో టీజీ 09 9999 నంబరు 25 లక్షల 50 వేలు పలికింది. కాబట్టి వాణ్ణి తిట్టడం ఆపమని నాన్నగారితో చెప్పండి. తిట్టి కాదు, లెక్క చూపించి మాట్లాడాలి.

లెక్క ఇదీ. 30,000లో మేనేజర్‌కి 7,500, ట్రైనర్‌కి 3,000 పోతే 19,500. క్యాంపు ఖర్చు 2,500 తీస్తే 17,000. మీ తమ్ముడి బుర్రలో ఇప్పుడు ఉన్నది ఈ 17,000 అంకె. దాని మీద ఇంకా పన్ను పడలేదు.

ఇంగ్లండ్‌లో 2025-26 లెక్కల ప్రకారం మొదటి 12,570 పౌండ్లకి ఆదాయపు పన్ను లేదు, ఆ పైన 50,270 దాకా 20 శాతం. సొంతంగా పనిచేసేవాళ్లకి అదే మొత్తం మీద ఇంకో 6 శాతం నేషనల్ ఇన్సూరెన్స్, అంటే పెన్షన్ లాంటి ప్రభుత్వ పథకాల కోసం కట్టే చందా. జిమ్ ఆదాయం 16,000, ఫైట్ మీద 17,000, కలిపి 33,000. అందులో 12,570 తీసేస్తే 20,430. దాని మీద 26 శాతం అంటే సుమారు 5,312 పౌండ్లు.

అసలు చిక్కు ఇక్కడుంది. గతేడాది పన్ను వెయ్యి లోపే కాబట్టి ఈ ఏడాదికి ముందస్తుగా వాడు ఏమీ కట్టలేదు. ఈసారి బిల్లు వెయ్యి దాటింది. అందుకని 2027 జనవరి 31న ఈ 5,312తో పాటు, వచ్చే ఏడాది పన్నుకి అడ్వాన్సుగా అందులో సగం, అంటే 2,656 కూడా కట్టాలి. మొత్తం 7,968. మళ్లీ జూలై 31న ఇంకో 2,656. దీన్నే పేమెంట్స్ ఆన్ అకౌంట్ అంటారు. ఈ రెండు తేదీల్లో కలిపి 10,624 పౌండ్లు. పదిహేడు వేలల్లోంచి అది పక్కన పెడితే మిగిలేది 6,376. ప్లేటు ధర 11,500. అంటే వాడు కొనాలనుకుంటున్నది వాడి దగ్గర లేని డబ్బుతో.

వచ్చే ఏడాది ఆదాయం తగ్గేలా ఉంటే ఆ అడ్వాన్సు తగ్గించమని బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ మరీ తక్కువ చూపిస్తే తర్వాత వడ్డీ పడుతుంది. రచయితలకి, కళాకారులకి, రైతులకి ఒక మంచి ఏడాది ఆదాయాన్ని పక్క ఏడాదితో సగటు చేసుకునే వెసులుబాటు బ్రిటన్‌లో ఉంది. క్రీడాకారులకి లేదు. నా దృష్టిలో అది అన్యాయమే, కానీ నిబంధన అదే.

గమనించారా, నవంబరులో ఫైట్ జరిగింది, పన్ను అడిగేది పద్నాలుగు నెలల తర్వాత. అన్ని నెలలూ ఆ డబ్బు అకౌంట్‌లో తనదే అన్నట్టు కనిపిస్తుంది. బాక్సర్లను ముంచేది ఎక్కువగా కారూ కాదు, నంబరూ కాదు, ఈ మధ్యలో ఉన్న నెలలే. జో లూయిస్ సంగతి మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. దాదాపు పన్నెండేళ్లు హెవీవెయిట్ ఛాంపియన్. యుద్ధకాలంలో, 1942లో, రెండు ఫైట్ల పర్సులు నౌకాదళ, సైనిక సహాయ నిధులకి ఇచ్చేసిన మనిషి. 1949లో రిటైరయ్యాడు. పన్ను బాకీలు మీద పడి 1950లో మళ్లీ రింగ్ ఎక్కాల్సి వచ్చింది. ఎజార్డ్ చార్ల్స్ చేతిలో ఓడాడు. ఆ మరుసటి ఏడాది 37 ఏళ్ల వయసులో రాకీ మార్సియానో కొట్టిన దెబ్బకి తాళ్ల మధ్య నుంచి బయటపడ్డాడు. అంత దూరం ఎందుకు, కోట్లు సంపాదించిన అమెరికన్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ అంతటివాడే 2015 పన్ను కట్టడానికి, మెక్‌గ్రెగర్‌తో ఫైట్ అయ్యేదాకా గడువు కావాలని 2017లో అడిగాడు. ఆస్తులున్నాయి కానీ వెంటనే నగదు చేసుకోలేనన్నది ఆయన వాదన.

ఇక ‘ఇన్వెస్ట్‌మెంట్’ మాట. బ్రిటన్‌లో ఈ వాదన పుట్టడానికి కారణం ఉంది. ఇక్కడ నంబరుని కారు నుంచి విడదీసి, దాచుకుని, ఇంకొకరికి అమ్ముకోవచ్చు. 2008లో ‘ఎఫ్ 1’ నంబరు 4,40,625 పౌండ్లకి, 2014లో ‘25 ఓ’ 5,18,000 పౌండ్లకి పోయాయి. ఆ వార్తలు చూసి మనసు లాగుతుంది. కానీ అవి ఒకటి రెండు అక్షరాల, అంకెల నంబర్లు, ఎవరికైనా పనికొస్తాయి. మీ తమ్ముడి రింగ్ పేరులోని మూడు అక్షరాలు ఎవరికి కావాలి? అదే పేరున్నవాడు, కేఓ అంటే ఇష్టమున్నవాడు, పదకొండు వేలు పెట్టగలిగినవాడు, ముగ్గురూ ఒకే మనిషి అవ్వాలి. డీలర్ ధరలో వాళ్ల లాభం ఉంటుంది, తిరిగి అమ్మేటప్పుడు వాళ్ల కమీషన్ మళ్లీ ఉంటుంది. లాభం వస్తే దాని మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను వర్తిస్తుంది. కారు అమ్మితే ఆ పన్ను ఉండదు కదా అనుకోకండి, నంబరు హక్కుని కారులాంటి వస్తువుగా చూడరు. పైగా ఆ నంబరు ఎప్పటికీ మనది కాదు. దాన్ని కారుకి పెట్టుకునే హక్కు మాత్రమే మనం కొంటాం.

ప్రచారం కోసమే కదా, వ్యాపార ఖర్చు కింద రాసేస్తా అని కూడా వాడు అనొచ్చు. సొంత సరదా కూడా కలిసిన ఖర్చుని హెచ్‌ఎంఆర్‌సీ అంత తేలిగ్గా ఒప్పుకోదు. అకౌంటెంట్‌ని అడగకుండా రిటర్న్‌లో వేయొద్దని చెప్పండి.

లీజు కారు అన్నారు, అది నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన విషయం. ఆ కారు కంపెనీది. నంబరు మార్చాలంటే వాళ్ల అనుమతి కావాలి. లీజు అయిపోయినప్పుడు కారు తిరిగి ఇచ్చే ముందే 80 పౌండ్లు కట్టి నంబరుని విడిపించి రిటెన్షన్‌లో, అంటే ఏ కారుకీ పెట్టకుండా మన పేరున దాచి, పెట్టుకోవాలి. మర్చిపోతే నంబరు కారుతోనే పోతుంది. యాక్సిడెంట్‌లో కారు పూర్తిగా పాడైతే, ఇన్సూరెన్స్ వాళ్లు సెటిల్ చేసే లోపే ఈ పని చేయాలి. నంబరు మారిందని వాళ్లకి ముందే చెప్పాలి కూడా. డీలర్ ఇచ్చే సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో చూడాలి. వాయిదాల మీద కొంటే చివరి వాయిదా దాకా హక్కు డీలర్ పేరునే ఉంటుందేమో అడగాలి. ‘కేఓ’ తర్వాత వచ్చే రెండంకెలు కారు ఏ ఏడాదిదో చెబుతాయి కాబట్టి, కారు కన్నా కొత్త నంబరు పెట్టడానికి ఒప్పుకోరు. పేరులా చదివించాలని అక్షరాల మధ్య ఖాళీలు జరిపినా, నల్ల బోల్టుతో అంకెని అక్షరంలా మార్చినా వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు, ఎంఓటీలో (కారుకి ఏటా చేసే తనిఖీలో) ఫెయిలవుతుంది, నంబరు వెనక్కి తీసుకునే అధికారం కూడా వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకి ఉంది. ఇలాంటి ప్లేట్లు కొన్నవాళ్లు సరదాపడి చేసే మొదటి పని అదే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ 6,376 పౌండ్ల సంగతి. జిమ్ ఆదాయం నెలకి 1,300 చిల్లర అనుకుంటే, ఇది ఐదు నెలల ఖర్చు కూడా కాదు. బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు లైసెన్సు కోసం ఏటా మెదడుకి ఎంఆర్‌ఐ స్కాన్ తీయించుకోవాలి. అందులో తేడా కనిపిస్తే, ఎన్ని ఫైట్లు గెలిచినా లైసెన్సు ఆగిపోవచ్చు. ఆదాయం ఆగితే ఆదుకునే పాలసీలు ఇవ్వడానికి ప్రొఫెషనల్ బాక్సర్ అనగానే చాలా కంపెనీలు వెనకాడతాయి. ఇచ్చినా రింగ్‌లో తగిలిన దెబ్బల్ని మినహాయిస్తాయి. అందుకే వాడికి ఇన్సూరెన్స్ వాడి సొంత పొదుపే.

నేనైతే ఇలా చేయిస్తాను. పన్ను కోసం వేరే సేవింగ్స్ అకౌంట్ తెరిచి, 10,624 పౌండ్లు ఈ వారమే అందులో వేయించండి. ఆ అకౌంట్‌కి కార్డు వద్దు. మిగిలిన 6,376లో 6,000 అత్యవసర నిధి. ఇంకా 376 పౌండ్లు ఉంటాయి. ఈ 376 వాడిది, ఎవరూ ప్రశ్న అడగకూడదు. డీవీఎల్‌ఏ సైట్‌లో నంబర్లు 250 పౌండ్ల నుంచి మొదలవుతాయి, వ్యాట్, 80 పౌండ్ల బదిలీ ఫీజు అందులోనే కలిసి ఉంటాయి. డీలర్ చూపించిన నంబరే కావాలనుకోకుండా, అంకెలు మార్చి, ఇంటిపేరు అక్షరాలు పెట్టి, పాత పద్ధతి నంబర్లలోనూ వెతకమనండి. ఇద్దరూ కలిసి ఒక సాయంత్రం కూర్చుని వెతకండి, వాడికి మీరు తన పక్షాన ఉన్నారని అర్థమవుతుంది. వేలం జోలికి మాత్రం ఇప్పుడు వద్దు. అక్కడ పాడిన ధర మీద 8 శాతం ప్రీమియం, రెండిటి మీదా వ్యాట్, ఆపైన ట్రాన్స్‌ఫర్ ఫీజు కలుస్తాయి. పాట వేడిలో అవేవీ గుర్తుండవు.

తర్వాతి పర్సు నుంచి వరుస ఇలా ఉండాలి: వాటాలు, క్యాంపు ఖర్చులు పోగా మిగిలినదాంట్లో 30 శాతం పన్ను అకౌంట్‌కి, అత్యవసర నిధి 8,000 అయ్యేదాకా దానికి, ఆ తర్వాత లైఫ్‌టైమ్ ఐసా అనే ప్రభుత్వ పొదుపు ఖాతాకి. 24 ఏళ్లవాడు ఇప్పుడున్న నిబంధనల ప్రకారం దాంట్లో ఏడాదికి 4,000 దాకా వేస్తే ప్రభుత్వం 25 శాతం, అంటే వెయ్యి దాకా కలుపుతుంది. మొదటి ఇల్లు కొనడానికి వాడుకోవచ్చు. మధ్యలో వేరే అవసరానికి తీస్తే 25 శాతం కోత పడుతుంది, కాబట్టి అత్యవసర నిధి నిండకుండా దీన్ని మొదలుపెట్టొద్దు. ప్రతి పర్సులో పది శాతం వాడి సరదాకి వదిలేయండి. అలా పోగేసుకుని రెండు మూడేళ్లకి ఆ 11,500 ప్లేటే కొంటే నాకేం అభ్యంతరం లేదు, మీకూ ఉండకూడదు.

మేనేజర్‌తో ఒప్పందం కాగితాలు, గతేడాది టాక్స్ రిటర్న్, లీజు కాగితం మూడూ తీసుకుని ముందు అకౌంటెంట్ దగ్గరికి వెళ్లండి. ఆయన వేసిన లెక్క నా లెక్కకి అటూ ఇటూ ఉండొచ్చు, కానీ డీలర్‌కి అడ్వాన్సు కట్టేలోపే ఆ అంకె తమ్ముడు స్వయంగా చూడాలి.